రూతమ్మ మేడం, రాతి గుర్రం

తడి కాగితం మీద బ్రష్షుతో కొట్టే చప్పుడు జొన్నరొట్టె తట్టే చప్పుడుకు దగ్గరగా ఉంటుంది. రాయిని శుభ్రంగా కడిగి, నానిన కాగితాన్ని దాని మీద పరిచి, మెల్లగా కొడుతూ పోతే కాగితం రాతి గీతల్లోకి దిగుతుంది. ఆ పైన నల్లరంగు అద్దిన గుడ్డమూటతో తడితే ఎన్నో వందల ఏళ్ల కిందటి అక్షరాలు నలుపులో తెల్లగా తేలతాయి. నేను చేసే పని అదే. పాత రాళ్లకు కాగితంతో అచ్చు తీయడం, బొమ్మలున్న రాళ్లకు బొమ్మలు గీయడం. మొన్న తాడిపత్రి వైపు ఒక పాడుబడిన మండపంలో పని చేస్తుంటే, తడి కాగితం వాసన, దీపపు మసితో చేసిన ఆ నల్లరంగు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. చెయ్యి ఆగిపోయింది. వెనక నిలబడి ఎవరో "అంత జోరుగా కొట్టద్దు పాపా, దానికేం నొప్పి ఉండదనుకున్నావా?" అన్నట్టయింది. రూతమ్మ మేడం పోయి కొన్నేళ్లయింది. అయినా నా చెయ్యి ఆ మాట విని నెమ్మదించింది.

ఆమెను చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. రూతమ్మ మేడం పొట్టి మనిషి. నల్లగా, గట్టిగా ఉండేవారు. గంజి పెట్టిన నూలుచీర, దాని కింద మగపిల్లలు వేసుకునే గుడ్డ బూట్లు. అనంతపురంలో మా డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. పుట్టింది యాడికి అనే ఊరికి దగ్గర ఒక పల్లెలో, కూలి చేసుకుని బతికే క్రైస్తవ కుటుంబంలో. ఆమె చదువుకున్న కాన్వెంటు హాస్టల్లో ఫ్రాన్సు దేశం నుంచి వచ్చిన ఒక ముసలి సిస్టరు ఉండేదట. ఆ సిస్టరుకు చూపు మందగించింది. తన పుస్తకాలు చదివి వినిపించే మనిషి కావాలి. అందుకని చురుగ్గా ఉన్న ఈ పిల్లను పిలిచి, ముందు అక్షరాలు నేర్పి, తర్వాత మాటలు నేర్పి, సాయంత్రాలు చదివించుకునేది. "మొదట్లో నేను చదివేది నాకే అర్థమయ్యేది కాదు. ఆమె మొగం చూసి, ఇది నవ్వే చోటు, ఇది ఏడ్చే చోటు అని కనుక్కునేదాన్ని" అని మేడం చెప్పేవారు. అట్లా యాడికి పక్క కూలివాళ్ల పిల్లకు ఫ్రెంచి వచ్చింది.

ఆ పుస్తకాల్లో ఒకటి చైనా గురించినది. వందేళ్ల కిందట ఒక ఫ్రెంచి పండితుడు ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని, గుర్రాల మీద, చైనా పడమటి ప్రాంతాల్లో నెలల తరబడి తిరిగాడు. అప్పటికి ఐరోపావాళ్లకు చైనా కళంటే పింగాణీ, పట్టు, బుద్ధ విగ్రహాలు. ఈయన వాటికంటే పాతవాటిని వెతికాడు. రాజుల, సేనాపతుల సమాధుల ముందు కాపలాగా నిలబెట్టిన రాతి జంతువులు పొలాల్లో మెడదాకా మట్టిలో కూరుకుపోయి ఉంటే, వాటిని చూసి, కొలిచి, ఫోటోలు తీశాడు. ఒక సేనాపతి సమాధి గుట్ట కింద ఆయనకు ఒక రాతి గుర్రం కనిపించింది. ఐరోపాలో యుద్ధం మొదలైందన్న కబురు అందేదాకా ఆ ప్రయాణం సాగింది. మేడం ఆయన్ని ఏనాడూ పేరుతో పిలవలేదు. "మా దొర" అనేవారు. చిన్నప్పుడు ఆ పుస్తకంలో ఫోటోలు చూసి అది మన సీమేనని అనుకున్నారట. చెట్టు లేదు, చేమ లేదు. ఎండిన నేల, గుట్ట, గాలికి లేచిన దుమ్ము. "యాడికే కదా ఇది, ఈ దొర మా ఊరికి ఎప్పుడొచ్చినాడు అని సిస్టరును అడిగినా. ఆమె ఎంతసేపు నవ్విందో!" పోయే ముందు సిస్టరు ఆ పుస్తకాన్ని ఈమెకిచ్చింది. పెద్దయ్యాక మేడం ఆయన మీదే పరిశోధన చేస్తానంటే, ఒక పెద్ద ప్రొఫెసరు "అనంతపురంలో కూర్చుని చైనా తవ్వుతావా అమ్మా?" అన్నాడట. మేడం మన చెరువుల శాసనాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నారు. దొర పుస్తకం మాత్రం చేతిసంచిలోంచి దిగలేదు.

నేను ధర్మవరం పిల్లను. మా నాయన పట్టుచీరల అంచులకు గళ్ల కాగితం మీద డిజైన్లు గీసేవాడు. వేరే సీటు దొరక్క చరిత్రలో చేరాను. మొదటి వారంలోనే మేడం ఆ పుస్తకం తెచ్చి, రాతి గుర్రం ఫోటో ఉన్న పుట తెరిచి, బెంచీల వెంట తిప్పించారు. "ఏం కనపడతాంది?" అని అడిగారు. "గుర్రం మేడం." "ఇంకా?" "గుర్రమే మేడం." పుస్తకం నా దగ్గరికి వచ్చింది. నేను కాసేపు చూసి, "గుర్రం కడుపు కింద ఒక మనిషి ఉండాడు మేడం" అన్నాను. "ఎట్ల ఉండాడు?" "వెల్లకిలా పడి ఉండాడు. గడ్డముండాది, చేతిలో విల్లుండాది. కింద అంత కొట్లాట జరుగుతాంటే గుర్రం మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడుకోనుండాది."

మేడం నా దగ్గరికి వచ్చారు. "యా ఊరు పాపా నీది? మీ నాయన ఏం చేస్తాడు?" అని అడిగారు. చెప్పాను. "అట్లనా! గీసేవాళ్ల ఇంటి కన్ను" అన్నారు. ఆ మాట అన్నప్పుడు నా భుజం మీద పడిన చెయ్యి ఎంత బరువుగా ఉందో నాకిప్పటికీ తెలుసు. మా ఇంట్లో అన్న గీస్తాడని అనుకున్నారే కానీ, నేను గీస్తానని ఎవరూ అనుకోలేదు.

అప్పటి నుంచి ఆదివారం ప్రార్థన కాగానే మేడం బస్టాండుకు వచ్చేవారు. నేను అక్కడ ఎదురుచూసేదాన్ని. ఏ బస్సు ముందొస్తే అది ఎక్కి, ఏదో ఒక పల్లెలో దిగేవాళ్లం. మన సీమలో ఊరికొక వీరగల్లు ఉంటుంది. ఊరి పశువుల కోసమో, ఆడవాళ్ల మానం కోసమో పోట్లాడి చచ్చిపోయిన వాడి బొమ్మ చెక్కి నిలబెట్టిన రాయి. మేడం రాయి దగ్గరికి పోగానే గీయనిచ్చేవారు కాదు. ముందు చుట్టూ తిరగాలి. తర్వాత అరచెయ్యి ఆనించాలి. ఆ తర్వాత దాని నీడలోనే కూర్చుని తెచ్చుకున్న అన్నం తినాలి. "కొత్త మనిషితో అయినా అంతే కదా. వచ్చీరాగానే మొగంలో మొగం పెట్టి చూస్తామా?" అనేవారు. తిరుగు బస్సులో దొర కథ నడిచేది. ఆయన ఎక్కిన గుర్రం మొండికేసిన తీరు, ఆయన చొక్కా చేత్తో రాతి మొహం మీది దుమ్ము తుడిచిన తీరు అభినయించి చూపేవారు. పక్క సీట్లవాళ్లు కూడా వినేవాళ్లు. ఒకసారి ఒక పెద్దాయన దిగవలసిన ఊరు దాటిపోయి, "ఏమమ్మా, మీ దొర పుణ్యాన రెండూళ్లు నడవాల నేను" అని నవ్వుతూ దిగిపోయాడు.

కుందుర్పి దగ్గరి రాయి సంగతి ఆ రోజుల్లోనే. హనుమంతప్ప అనే రైతు చేనులో విత్తనాలేసేటప్పుడు గొర్రుకు ఒక బండ అడ్డం తగులుతోందని, దాని మీద ఏదో బొమ్మ ఉన్నట్టుందని కబురు వచ్చింది. పోయాం. నేలకు జానెడు ఎత్తున రాతి అంచు కనిపిస్తోంది. తవ్వి చూద్దామా అని మేడం హనుమంతప్పను అడిగారు. ఆయన సంబరంగా గడ్డపార తెచ్చాడు. ఆయన భార్య తిప్పక్క మాత్రం కొంగు నడుముకు దోపుకుని దూరంగా నిలబడింది.

"యాల మేడమ్మా లేపేది? పండుకున్నోన్ని పండుకోనీండి" అంది.

"లేపి పదిమందికీ చూపిద్దాం తిప్పక్కా."

"పదిమందికీ యాల? ఈడ ఉండాడని మాకు తెలుసు. చాలదా?"

మేడం నవ్వి, హనుమంతప్పను తవ్వమన్నారు. మధ్యాహ్నానికి రాయి బయటపడింది. మట్టి తుడిచేసరికి ముందు గుర్రం చెవులు, తర్వాత దాని మీద కత్తెత్తిన వీరుడు, చివరికి గుర్రం కాళ్ల సందున వెల్లకిలా పడిన శత్రువు. మేడం ఆ గుంతలో, ఆ మట్టిలో అలాగే కూలబడ్డారు. చీర కొంగుతో కింద పడిన వాడి మొహం తుడిచారు. కళ్ల నీళ్లు కారుతున్నాయి, నవ్వుతూనే ఉన్నారు. "చూడు పాపా! మా దొర అంత దూరం పోయి కష్టపడినాడు గానీ, కుందుర్పి బస్సెక్కింటే సరిపోతుండె కదా!" అన్నారు. ఆ రాయీ చైనా రాయీ ఒకటి కావని, వాటి మధ్య ఎన్నో శతాబ్దాలు, ఎన్నో దేశాలు ఉన్నాయని ఆమెకు తెలియనిది కాదు. కానీ ఏ గుర్రాన్ని చూడాలని పుస్తకంలో వేలు పెట్టుకుని పెరిగారో, ఆ రోజు అది తన కాళ్ల దగ్గరికి వచ్చినట్టయింది.

చేనులో ఉంటే గొర్రుకు అడ్డం. అందుకని ఊళ్లోవాళ్ల సాయంతో రాయిని రోడ్డు పక్కకు తెచ్చి నిలబెట్టించారు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చూడాలన్నది మేడం కోరిక. పేపర్లో ఫోటో పడింది. కాలేజీ పిల్లలు వచ్చారు. ఎవరెవరో కార్లలో వచ్చి రాయికి ఆనుకుని ఫోటోలు దిగారు. వాళ్లంతా పోయాక తిప్పక్క వచ్చి, రాయిని కడిగి, పసుపు రాసి పోయేది.

నేను డిగ్రీ ముగించి, మేడం సాయంతోనే ఈ గీసే పనిలో కుదురుకున్న కొత్తలో, ఆ రోడ్డు వెడల్పు చేయడం మొదలుపెట్టారు. మేడం ఆఫీసుల చుట్టూ తిరిగారు. తాను వచ్చి నిలబడ్డాకే రాయిని జరపాలని అధికారుల దగ్గర మాట తీసుకున్నారు. కానీ పని త్వరత్వరగా నడిచి, ఆ మాట జేసీబీ నడిపే మనిషిదాకా చేరలేదు. ఒక ఉదయం హనుమంతప్ప ఫోను చేశాడు. "మేడం, రాయి..." అని ఫోను పెట్టేశాడు.

మేం వెళ్లేసరికి రాయి రెండు ముక్కలై పడి ఉంది. గుర్రం మెడ దగ్గర విరిగింది. వీరుడి తల, కత్తి ఒక ముక్కలో, గుర్రం ఒళ్లు, కింద పడినవాడు ఒక ముక్కలో. జేసీబీ డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "నేను మెల్లగనే ఎత్తినా మేడం. గొలుసు బిగిస్తానే ఇరిగిపోయింది. ఎవురూ నాకు చెప్పలేదు" అన్నాడు. మేడం అతన్ని తేరిపార చూశారు. కోప్పడతారని నేననుకున్నాను. "నీది తప్పు కాదులే నాయనా. పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?" అన్నారు. తర్వాత రాయి పక్కన కూర్చున్నారు. విరిగిన అంచును వేలితో తడుముతూ నాతో అన్న మాటలివి.

"ఆ కాలంలో పండితులు చైనా రాళ్ల ఫోటోలు అచ్చేసినారు. మంచికే వేసినారు. ఆ పుస్తకాలు పట్టుకోని వ్యాపారం చేసేవాళ్లు పోయినారు. రాతి బొమ్మల తలలు కోసి ఓడల్లో ఎక్కించినారు. ఇది నేను క్లాసులో చెప్తాంటి. చెప్తానే, మా దొర మాత్రం అట్లాంటోడు కాదు, ఆయన చూసి వచ్చినాడు అంతే అంటాంటి. చూపించేది కూడా ఒక పనే పాపా. దానికీ ఫలితం ఉంటాది. ఇది మట్టిలో ఉన్నన్నాళ్లూ బాగనే ఉండె."

ఆమె లేచి తిప్పక్క ఇంటికి నడిచారు. నేను వెనకే వెళ్లాను. తిప్పక్క పొయ్యి ముందు సంగటి కెలుకుతోంది. మేడం గడప దగ్గరే నిలబడి, "నువ్వు వద్దంటివి తిప్పక్కా. నేను వినలేదు. మీ ఆయప్పను అడిగినా గానీ నీ మాట పట్టించుకోలేదు" అన్నారు. అంత చదువుకున్న మనిషి, ఎందరి చేతనో దండాలు పెట్టించుకున్న మనిషి, చేతులు జోడించి నిలబడ్డారు.

తిప్పక్క కట్టె కిందికి పెట్టి చెయ్యి కడుక్కుంది. "ఇరిగితే ఏమాయె మేడమ్మా? సచ్చినోడు మళ్లా సస్తాడా?" అంది. "ఊరికోసరం పానమిచ్చినోడు. రోడ్డుకోసరం మెడ ఇచ్చినాడు అనుకుందాం. లోపలికి రా. సంగటి తిందువు."

తిన్నాక మేడం అడిగారు, ఇప్పుడు రాయిని ఏం చేద్దామని. ఆ ప్రశ్న ఆమె తిప్పక్కను అడగడం అదే మొదటిసారి. తిప్పక్క ఆలోచించకుండానే చెప్పింది. "యాడ్నుంచి వచ్చినాడో ఆడికే పంపిద్దాం. గొర్రుకు తగలకుండా గట్టు కింద పండబెడదాం." సిమెంటుతో అతికించి మళ్లీ నిలబెడతామని రోడ్డు పనివాళ్లు అన్నారు కానీ మేడం వద్దన్నారు. ఆ డ్రైవరే ముందుకొచ్చి, ఈసారి గోనెసంచులు చుట్టి, పసిబిడ్డను ఎత్తినట్టు రెండు ముక్కలనూ ఎత్తి, చేని గట్టు కింద ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. తిప్పక్క మొదటి పార మట్టి వేసింది. మేడం రెండోది వేశారు. తర్వాత ఒక పత్రికవాళ్లు నేను గీసిన పూర్తి రాయి బొమ్మ అడిగితే, "బొమ్మ వేసుకోండి, ఊరు పేరు మాత్రం వద్దు" అన్నారు మేడం.

ఆ రోజు తర్వాత మేడం దొరను ప్రేమించడం మానేస్తారేమోనని నాకు దిగులేసింది. అట్లా జరగలేదు. వెనకటికంటే ఎక్కువగానే ఆయన గురించి మాట్లాడేవారు. కాకపోతే ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు, మంచీ చెడ్డా కలిపి. తిప్పక్కా ఆమే స్నేహితులయ్యారు. పంట వచ్చినప్పుడల్లా తిప్పక్క శెనక్కాయల సంచి భుజాన వేసుకుని బస్సులో అనంతపురం వచ్చేది. మేడం ఉడకబెట్టేవారు. ఇద్దరూ నేల మీద కూర్చుని ఒలుచుకు తింటూ ఉంటే దొర కథ నడిచేది. అంతా విని తిప్పక్క ఒకసారి, "ఆయప్పకు పెండ్లాం లేదా మేడమ్మా? ఎవురూ వద్దనలేదా?" అని అడిగింది. పెళ్లాం ఉందని, ఆయన ఆమెకు దారి పొడుగునా ఉత్తరాలు రాశాడని మేడం చెప్పారు. "రాస్తే ఏం లాభం? ఎంట పిల్చుకపోవాల్సింది" అని తేల్చేసింది తిప్పక్క. మేడం నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు.

ఆ దగ్గు తర్వాత తగ్గలేదు. ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు. రిటైరయ్యాక నాలుగడుగులు వేయగలిగిన రోజుల్లోనే నేను ఒకసారి ధైర్యం చేసి, "చైనాకు టూర్లు ఉండాయి మేడం, ఇద్దరం పోయొద్దాం" అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇప్పుడు ఆ గుర్రాన్ని కటకటాల వెనక పెట్టినారంట పాపా. పక్కన కూర్చోని అన్నం తిననిస్తారా?" అన్నారు. ఆ పైన ఆ మాట నేనెత్తలేదు. ఆస్పత్రిలో చివరి వారం నేను పక్కన కూర్చుని దొర పుస్తకంలో బొమ్మలు తిప్పుతుంటే ఆమె ఫ్రెంచిలో నెమ్మదిగా చదివేవారు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆమె మొహం చూసి, ఇక్కడ నవ్వాలి, ఇక్కడ ఊరుకోవాలి అని తెలుసుకునేదాన్ని.

ఆమెను అనంతపురంలో క్రైస్తవుల శ్మశానంలో సమాధి చేశాం. కబురందుకుని తిప్పక్క వచ్చేసరికి మట్టి వేయడం అయిపోయింది. ఆమె ఏడవలేదు. మట్టి కుప్పను చేత్తో సరిచేసి, నా వైపు తిరిగి, "ఈమెకు రాయి నిలబెట్టరా?" అంది. నిలబెడతామని, శిలువ చెక్కి పేరు రాయిస్తామని చెప్పాను. "గుర్రం కూడా ఎయ్యి" అంది. పాస్టరు గారి ముందే అంది. పాస్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "బైబిల్లో గుర్రాలు ఉండాయి కదమ్మా. వేయించండి" అన్నారు.

బొమ్మ నేనే గీశాను. రాళ్లు చెక్కే అతని షెడ్డు దగ్గర కూర్చుని, కాగితం మీద గుర్రాన్ని గీసి, అలవాటుగా దాని కాళ్ల మధ్యకు పెన్సిలు పోనిస్తుంటే, పక్కనున్న తిప్పక్క నా మణికట్టు పట్టుకుంది. "కింద ఎవుర్నీ ఎయ్యొద్దు పాపా. ఆయమ్మ ఎవుర్నీ తొక్కలేదు" అంది. శిలువ కింద ఇప్పుడు ఒంటరి గుర్రం ఉంటుంది. దాని కాళ్ల మధ్య ఉత్త రాయి. తెలియనివాళ్లు అది ఎందుకుందో అడుగుతారు. కొందరికి చెబుతాను.

ఈ పనిలో నాకు పేరొచ్చిందని అంటారు. గీత నాది కావచ్చు కానీ రాయి ముందు ఎలా మెలగాలో మేడం దగ్గరే నేర్చుకున్నాను. తవ్వమన్నది ఎవరైనా, ముందు ఆ ఇంటి ఆడమనిషిని అడుగుతాను. ఈ ఏడు రాయదుర్గం వైపు ఒక పెరట్లో, బోర్లా పడి ఉన్న పెద్ద బండను తిప్పి చూడమని ఊరి యువకులు పిలిచారు. మనుషులున్నారు, గడ్డపారలున్నాయి, వీడియో తీయడానికి ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఇంటామె గడపలో కూర్చుని ఉంది. తిప్పమంటావా అమ్మా అని అడిగాను. ఆమె కాసేపు ఆ బండ వైపు చూసి, "వద్దమ్మా" అంది. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, సంచి సర్దుకుని బస్సెక్కాను. ఆ రాయి అవతలి వైపు ఏముందో నాకు తెలియదు.